పోపు పెట్టకూడని వంటిల్లు

మొత్తానికి కోకాపేటకు డెన్మార్క్ వచ్చేసింది. మొదటి పేజీ తిప్పితే గానీ వార్తలు మొదలవని ఆ ప్రకటన మీరూ చూసే ఉంటారు. తెల్లగోడలు, లేత రంగు చెక్క నేల, ఊలు దుప్పటి కప్పిన సోఫా, దాని మీద కాళ్ళు ముడుచుకుని కాఫీ కప్పును రెండు చేతులా పట్టుకున్న అమ్మాయి. ఆ అమ్మాయి స్వెటరు వేసుకుంది. ఎక్కడో ముప్ఫయ్యో అంతస్తులో, పడమటి వైపు నేల నుంచి కప్పు దాకా అద్దమే ఉన్న హాల్లో, స్వెటరు! కింద చిన్న అక్షరాల్లో నూరు శాతం వాస్తు అని హామీ. అంటే ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యంలో డెన్మార్క్.

ఇంతకు ముందు ఇటలీ నడిచింది. పాలరాయి, బంగారు పూత, సింహం పాదాల సోఫాలు. వాటి ఈఎంఐలు ఇంకా తీరనేలేదు, అప్పుడే అవన్నీ మోటైపోయాయి. హాలు, డైనింగు, వంటిల్లు మధ్య గోడలు తీసేసి ఒకటే చావడి చేసి, అందులో సగం ఖాళీగా వదిలెయ్యడం ఇప్పుడు నాజూకట. ఖాళీని కూడా చదరపు అడుగుకు ఇంత అని అమ్మగలిగినవాణ్ణి మాత్రం మెచ్చుకోవాలి.

డెన్మార్క్ వాళ్ళ మీద నాకేం కోపం లేదు. వాళ్ళ ఇళ్ళు వాళ్ళ ఊరికి తగ్గట్టు కట్టుకున్నారు. కోపెన్‌హాగన్‌లో డిసెంబరు చివర్లో పొద్దున ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు రాడు, మధ్యాహ్నం నాలుగు కాకుండానే వెళ్ళిపోతాడు. వచ్చిన ఆ కాస్త వెలుగూ వృథా పోకూడదని గోడలకు తెల్లరంగు వేశారు, కిటికీలకు పరదాలు కట్టడం మానేశారు, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగించుకున్నారు. మనకేం ఖర్మ? రెంటచింతల పేరు చెబితేనే చెమట పట్టే జనానికి పరదా లేని కిటికీ! మన తాతలు చూరు కిందికి దించి, వసారా వేసి, మిట్టమధ్యాహ్నం తలుపులు మూసుకుని, చీకటి గదిలో చాప పరుచుకుని పడుకున్నారు. వాళ్ళకి వెలుగు విలువ తెలియక కాదు, ఎండ విలువ తెలిసి. ఇక కొవ్వొత్తుల గురించి ఒకటే మాట: ఫ్యాను ఆపితేనే వెలుగుతాయి.

ఆ ఫ్యాన్లంటే కూడా డిజైనర్లకు పడదు. కప్పు బోసిగా ఉంటేనే అందమట. ఫ్యాను ఉండాల్సిన చోట ఒక వేలాడే దీపం పెడతారు. పళ్ళేలు ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టు ఉంటుంది. దాని అసలుది పౌల్ హెన్నింగ్‌సెన్ 1958లో చేసిన పీహెచ్ 5. ఆ పెద్దమనిషి తపనంతా ఒకటే, ఎటు నుంచి చూసినా బల్బు కంటికి గుచ్చుకోకూడదు, వెలుగు మెత్తగా బల్ల మీద పడాలి. మనవాళ్ళు దాని నకలు తెచ్చి తగిలించి, చుట్టూ ఫాల్స్ సీలింగ్‌లో డజన్ల కొద్దీ ఎల్‌ఈడీలు గుచ్చి మన కళ్ళలోకి కొడతారు. తమాషా ఏమిటంటే హెన్నింగ్‌సెన్ దీపాలు చేసి ఊరుకోలేదు, వ్యంగ్య రచయిత కూడా. 1926 నుంచి 1928 దాకా ‘క్రిటిస్క్ రెవ్యూ’ అనే పత్రిక నడిపి తన కాలపు ఆర్కిటెక్టుల డాబును ఏకిపారేశాడు. కోకాపేట చూసి ఉంటే ఆ పత్రిక మూతపడేది కాదు.

కుర్చీ సంగతి చూడండి. హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన వై ఆకారపు వీపు కుర్చీ లేకుండా ఈ హాలు పూర్తి కాదు. దాని సీటును సుమారు 120 మీటర్ల కాగితపు తాడుతో చేత్తో అల్లుతారు. మంచి పనితనం, కాదనను. కానీ నులక మంచాలనూ, కేన్ అల్లిన కుర్చీలనూ పాతవాసన అని అటక ఎక్కించి, అక్కడి నుంచి పాత సామాన్లవాడి బండి ఎక్కించిన ఇళ్ళే ఇప్పుడు ఆ తాడు కుర్చీల నకళ్ళను సెట్టు సెట్టుగా కొంటున్నాయి. చారు ఒలికితే ఏం చెయ్యాలని షోరూం కుర్రాణ్ణి అడిగాను. “ఒలకనివ్వకండి మేడమ్” అన్నాడు.

టేకు సంగతి అంతకన్నా ఘోరం. 1950ల్లో డేనిష్ ఫర్నిచరుకు ప్రపంచమంతా పేరు తెచ్చిన కలపల్లో ముఖ్యమైనది టేకే. డెన్మార్క్‌లో టేకు చెట్టు మొలవదు, ఆగ్నేయాసియా నుంచి ఓడల మీద తెప్పించుకున్నారు. మనకు ఆదిలాబాద్ అడవుల్లోనే ఉంది. తాత కట్టిన ఇల్లు పడగొట్టేటప్పుడు ఆ టేకు ద్వారబంధాలూ దూలాలూ వచ్చిన కాడికి అమ్మేసి, ఆ డబ్బుకు ఇంకా కలిపి, పొట్టు అదిమి చేసిన బోర్డు మీద ఓక్ చెక్క బొమ్మ అచ్చేసిన లామినేట్ అంటించుకుంటున్నాం. టేకు కోసం వాళ్ళు సముద్రాలు దాటారు. ఇంట్లో టేకు అమ్ముకుని మనం ఓక్ ఫోటో కొనుక్కుంటున్నాం.

కుర్చీల మీద పరిచే గొర్రెతోలు సంగతి మే నెలలో దాని మీద కూర్చుని లేచినవాళ్ళను అడగండి. దేవుడి గది బీరువా తలుపు వెనక్కి పోయింది, సాంబ్రాణి వేస్తే స్మోక్ డిటెక్టరు కూస్తుంది. పిడులు లేని అల్మరాలను జిడ్డు చేత్తో నొక్కితే తెరుచుకుంటాయి, వేలిముద్రలు అట్టే పెట్టుకుంటాయి. పోనీయండి, డబ్బున్నవాడి సరదా, వాడి ఇల్లు. నా ఒళ్ళు మండేది వంటింటి గోడ దగ్గర.

గోడ తీసేశారు. దాని చోట ‘ఐలాండ్’ అని ఒక తెల్ల క్వార్ట్జ్ బల్ల. మోడల్ ఫ్లాట్‌లో దాని మీద గాజుసీసాలో పాస్తా, చెక్కగిన్నెలో మూడు నిమ్మకాయలు, చిన్న కుండీలో తులసి. మన తులసి కాదు, పాస్తాలో వేసుకునేది. ఇంతకు మించి తినే వస్తువు ఆ ఫ్లాటంతా వెతికినా కనపడదు. కుక్కరు ఎక్కడ పెట్టాలి అని అడిగితే దాన్ని దాచడానికి వేరే అల్మరా చూపించారు. విజిల్‌ని దాచడానికి మాత్రం ఇంకా ఏమీ కనిపెట్టలేదట.

ఇప్పుడు ఈ వంటింట్లో పప్పుకు పోపు పెట్టండి. నూనె బాగా కాగాలి. ఆవాలు పడి నాలుగు దిక్కులా చిటపటలాడాలి. మినప్పప్పు ఎర్రబడాలి, జీలకర్ర, తుంపిన ఎండుమిర్చి, చిటికెడు ఇంగువ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వెయ్యాలి, చివర్న తడి ఆరని కరివేపాకు. ఆ కరివేపాకు పడ్డప్పుడు నూనె ఎంత ఎత్తు ఎగురుతుందో వండే చేతి మీది మచ్చలు చెబుతాయి. ఎండుమిర్చి రెప్పపాటు ఎక్కువ వేగిందా, ఇల్లంతా పొలమారుతుంది. మధ్యలో గోడ ఉన్న కాలంలోనే పెళ్ళిచూపులకు వచ్చి ముందుగదిలో కూర్చున్నవాళ్ళు తుమ్మేవారు. ఇప్పుడా గోడే లేదు. ఊలు దుప్పటి, నారబట్ట కుషన్లు, బూడిదరంగు తివాచీ, ఒక్కొక్కటీ ఆ పోపును పీల్చుకుని దాచుకుంటాయి. మంగళవారం కాకరకాయ వేపితే శుక్రవారం కుషను వాసన చూసి కూర పేరు చెప్పొచ్చు.

చిమ్నీ ఉంది కదా అంటారు. ఉంది. గంటకు 1,200 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని పెట్టె మీద రాసి ఉంటుంది. లాగిన గాలి ఎటు పోవాలి? అద్దానికి కన్నం పెట్టకూడదు, బయటి నుంచి చూస్తే టవరు అందం చెడకూడదు, లోపల గొట్టం కనపడకూడదు. అందుకని కొన్ని ఇళ్ళలో గొట్టమే పెట్టరు. కార్బన్ ఫిల్టరు ఒకటి తగిలించి, లాగిన గాలిని మళ్ళీ హాల్లోకే వదులుతారు. ఒకసారి పెట్టిన పోపును రెండుసార్లు పీల్చుకోవాలన్నమాట. పైగా దాన్ని గట్టిగా తిప్పితే టీవీ వినపడదు, టీవీ పెంచితే కుక్కరు ఎన్ని కూతలు కూసిందో తెలియదు. మిక్సీ వేస్తే డైనింగు బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్న అబ్బాయి వెనక్కి తిరిగి చేతులు జోడిస్తాడు. అవతల అమెరికా వాళ్ళతో కాల్. కాల్ అయ్యేదాకా కొబ్బరిపచ్చడి ఆగాలి.

గోడ లేకపోతే గాలికీ అడ్డు లేదు. హాల్లో పెడెస్టల్ ఫ్యాను పెడితే పొయ్యి మంట పక్కకు వాలిపోతుంది, సిమ్‌లో ఉంటే ఆరిపోతుంది. ఫ్యాను ఆపితే హాల్లో వాళ్ళకు ఉక్క. ఏసీ వేద్దామంటే హాలు, డైనింగు, వంటిల్లు కలిపి చల్లబరచాలి, అదీ పక్కన రెండు పొయ్యిలు వెలుగుతుండగా. డెన్మార్క్‌లో మూడింట రెండు వంతుల ఇళ్ళకు ఊరుమ్మడి గొట్టాల్లో వేడి వస్తుంది. డబ్బు కట్టి వేడి కొనుక్కునే దేశం అది. అక్కడ పొయ్యి వేడి హాల్లోకి వస్తే లాభం. ఇక్కడ వస్తే కరెంటు బిల్లు.

వాళ్ళదేమీ వాసన లేని తిండి కాదు. ఫ్రికడెల్లర్ అని మాంసం ఉండలు చేసి వెన్నలో వేపుకుంటారు. కానీ మధ్యాహ్నం చాలామందికి చల్లటి భోజనం. రై రొట్టె మీద చేపముక్కో, ఉడికించిన గుడ్డో పెట్టుకుని తినేస్తారు. పొద్దున దోశ పెనం, మధ్యాహ్నం వేపుడు మూకుడు, సాయంత్రం పకోడీ, రాత్రి పుల్కా అని పొయ్యికి తీరిక లేని ఇల్లు కాదది. ఇక మే నెలలో ఆ లేత చెక్క నేల మీద ఆవకాయ కలపడం ఊహించుకోండి. పాతచీర పరిచి, ముక్కలు తుడిచి, పళ్ళెం నిండా కారం, ఆవపిండి, నూనె. నేల సంగతి దేవుడెరుగు, ఆ క్వార్ట్జ్ మీద చిటికెడు పసుపు పడితే ఏం చెయ్యాలి? పడనివ్వకండి మేడమ్.

అమెరికాలో మనవాళ్ళకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ గోడ లేని వంటింటి ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళలో ఎందరో చేపలపులుసు గ్యారేజీలో వండుకుంటున్నారు. కారు పక్కన చిన్న పొయ్యి, షట్టరు సగం ఎత్తి. చలికోట్లకు పోపు పట్టి ఆఫీసులో ముక్కులు తిరగకుండా వంట మొదలయ్యే ముందే బెడ్రూం తలుపులు మూసుకుంటారు. వాళ్ళ గ్యారేజీ చూసి బుద్ధి తెచ్చుకోవాల్సింది పోయి, వీడియో కాల్లో వాళ్ళ హాలు చూసి మురిసిపోయాం.

మన బిల్డర్లు అమాయకులేం కాదు. ఈ గోలంతా వాళ్ళకు ముందే తెలుసు. అందుకే పెద్ద ఫ్లాట్లకు రెండు వంటిళ్ళు గీశారు. ముందుది డ్రై కిచెన్, వెనకది వెట్ కిచెన్. ఫ్లాటు చిన్నదైతే ఆ రెండోదాని పేరు యుటిలిటీ. డ్రై కిచెన్లో కాఫీ మిషను, పళ్ళు, చుట్టాలు. వంట వెనక.

ఈ మధ్య తెల్లాపూర్‌లో మా అన్నయ్య వాళ్ళ కొత్త ఇంటికి భోజనానికి వెళ్ళాను. హాలు అచ్చం ప్రకటనలో బొమ్మే. వదిన కనపడలేదు. ఐలాండ్ దాటి, ఫ్రిజ్ పక్కనున్న తలుపు తోస్తే, వాషింగ్ మెషీన్‌కీ అంట్ల సింకుకీ మధ్య, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత చోట, రెండు బర్నర్ల పొయ్యి మీద గారెలు వేస్తోంది. కొంగు నడుముకు దోపుకుంది, జాకెట్టు వీపంతా తడిసిపోయింది. ఆరేసిన తువ్వాళ్ళు తలకు తగులుతున్నాయి. గిన్నె పెట్టుకునే చోటు లేక, సాయానికి వచ్చిన పనమ్మాయి గారెలపిండి పట్టుకుని నిలబడే ఉంది.

“ఇక్కడేంటి వదినా, అంత వంటిల్లు పెట్టుకుని?”

“అక్కడ మూకుడు పెడితే అన్నీ జిడ్డయిపోతాయని మీ అన్నయ్య గోల. నువ్వెళ్ళి హాల్లో కూర్చోమ్మా, ఇక్కడ ఉక్క.”

ఆడపడుచుని కదా, నాకు ఊలు దుప్పటి సోఫా. వెళ్ళలేదు. గడపలోనే నిలబడ్డాను, లోపలికి వెళ్దామన్నా మూడో మనిషికి చోటు లేదు.

ఇక్కడి నుంచి నాకు వెటకారం రాదు. కోట్లు పోసి కొన్న ఇంట్లో, పొద్దునా సాయంత్రం ఒళ్ళు హూనం చేసుకుని పనిచేసే మనిషికి దక్కింది బట్టలుతికే మెషీను పక్క చోటు. ఇంటావిడ కాకపోతే వంటమనిషి. వంటమనిషైతే ఉక్కపోస్తోందా అని అడిగే దిక్కు కూడా ఉండదు. ఆమె సర్వీసు లిఫ్టులో పైకి వచ్చి, వెనక తలుపులోంచి లోపలికి వచ్చి, కిటికీ సరిగ్గా లేని ఆ ఇరుకులో ఇంటిల్లిపాదికీ వండి, వచ్చిన దారినే దిగిపోతుంది. హాల్లో కూర్చున్నవాళ్ళకు ఆమె మొహం తెలియదు. కూర భలే ఉందంటారు, కొసరి వేయించుకుంటారు. పాత పల్లెటూరి వంటింటిని నేను పొగడను. పొగగొట్టం లేని ఆ గదుల్లో మన అమ్మమ్మలు కళ్ళు పాడుచేసుకున్నారు. కానీ దానికి కనీసం పెరటి తలుపు ఉండేది, పిట్టగోడ మీంచి మాట్లాడే పక్కింటి పిన్ని ఉండేది. ఇరవై, ముప్ఫై అంతస్తుల పైన యుటిలిటీకి గ్రిల్లు ఉంది, గ్రిల్లు బయట ఏసీల వేడిగాలి ఉంది.

డెన్మార్క్‌లో ఆ గోడ ఎందుకు పోయిందో ఈ డిజైనర్లకు తెలుసా? పంతొమ్మిదో శతాబ్దంలో కోపెన్‌హాగన్‌లో కట్టిన అపార్ట్‌మెంట్లు ఇప్పటికీ ఉన్నాయి. ముందువైపు పెద్ద మెట్లు, పెద్ద గదులు. వెనకవైపు ఇరుకు వంటిల్లు, దాన్ని ఆనుకుని వేరే ఇరుకు మెట్లు. పనివాళ్ళు, బొగ్గులు, చెత్త అటు నుంచి. తర్వాత తర్వాత ఇళ్ళలో పనివాళ్ళు ఉండటం పోయింది. 1960లు, 70ల్లో ఆడవాళ్ళు పెద్దయెత్తున ఉద్యోగాలకు వెళ్ళారు. సాయంత్రం ఇద్దరూ అలసిపోయి ఇంటికి వచ్చాక ఒకరు వెనకగదిలో ఒంటరిగా వండటం, ఒకరు ముందుగదిలో పేపరు చదవడం ఎంతకాలం సాగుతుంది? వంటిల్లు ముందుకు వచ్చింది, భోజనాల బల్ల అందులోకి వచ్చింది, పిల్లలు అదే బల్ల మీద హోంవర్కు చేసుకున్నారు, ఇంటాయన ఉల్లిపాయలు తరిగాడు. గోడ తీసింది వండే మనిషి కోసం.

మనం అదే గోడ తీసి, వండే మనిషిని ఇంకో గోడ అవతలికి నెట్టాం. డేన్లు వదిలించుకున్న వెనకమెట్లను సర్వీసు లిఫ్టు పేరుతో కట్టించుకుని, ముందుగదికి మాత్రం డేనిష్ అని బోర్డు తగిలించాం. మన అన్నయ్యలు ఉల్లిపాయలు తరిగితే ఆ డ్రై కిచెన్లో రేపటి నుంచే పొయ్యి వెలుగుతుంది. వాళ్ళ కళ్ళు మండితే ఎల్లుండికల్లా కిటికీ కూడా వస్తుంది.

ఇంకొకటి కూడా బ్రోషర్లో రాయరు. 1942లో డెన్మార్క్ వినియోగదారుల సహకార సంఘం ఎఫ్‌డీబీ, తన ఫర్నిచరు విభాగాన్ని బోర్గె మోగెన్సెన్ అనే కుర్ర డిజైనరు చేతిలో పెట్టింది. యుద్ధ రోజులు, చిన్న ఇళ్ళు, చాలీచాలని జీతాలు. మామూలు కుటుంబం కొనుక్కోగలిగే సామాను చెయ్యడమే ఆయన పని. 1947లో ఆయన గీసిన జె39 కుర్చీకి జనం కుర్చీ అని పేరొచ్చింది. సహకార సంఘం కుర్చీ! సొసైటీ కుర్చీ! దాన్ని ఇక్కడ సిగ్నేచర్ కలెక్షన్ అని దీపాల కింద పెట్టి, ధర చీటీ వెనక్కి తిప్పి అమ్ముతున్నారు. ధర అడిగితే “మీ బడ్జెట్ ఎంత మేడమ్” అంటారు. మామూలు కుటుంబం ఆ షోరూం అద్దం దగ్గరే ఆగిపోతుంది.

బిల్డరు గారూ, మీకు డెన్మార్క్ అంత ముద్దొస్తే యుటిలిటీలో పొయ్యికి గ్యాస్ పైపు పెట్టడం మానెయ్యండి. ముందున్న వంటింట్లోనే పోపు పెట్టుకునేలా గాలి బయటికి పోయే గొట్టం వెయ్యండి. కుదరదంటారా, నాలుగున్నర అంగుళాల ఇటుకగోడ ఒకటి కట్టి, దానికో అద్దాల తలుపు, ఓ పెద్ద కిటికీ పెట్టండి. మీ ప్రకటన ఖర్చులో అదెంత?

కొనబోయేవాళ్ళు హాలు కొలతలు చూడనక్కర్లేదు, అవి ఎలాగూ పెద్ద అక్షరాల్లో వేస్తారు. ప్లాను కాగితం మీద యుటిలిటీ ఎన్ని అడుగులో వెతకండి. మీ ఇంట్లో వండేదెవరో వాళ్ళను మోడల్ ఫ్లాట్‌కు తీసుకెళ్ళి, ఆ యుటిలిటీలో నిలబెట్టి, తలుపు మూసి, పావుగంట ఉండమనండి. బయటికి వచ్చి వాళ్ళు సరేనంటేనే అడ్వాన్సు చెక్కు రాయండి.